అక్క మూర

“కడ మూసెయ్ పిల్లా” అన్నారు బావ.

మంగళవారం పొద్దున. తిరుత్తణిలో కొండ మెట్లు మొదలయ్యే చోట మాకొక చిన్న పూలకొట్టు ఉంది. నేను అందులో కూచొని కనకాంబరాలు కడుతున్నాను. బావ ఇంటి నుంచి నడుచుకుంటూ వచ్చారు. కాళ్లకు చెప్పులు లేవు. కొనేవాళ్లు నిలబడే చోట నిలబడి ఆ ఒక్క మాట అన్నారు. ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. మంగళవారం మా కొండ స్వామి రోజు. ఆ రోజు కొట్టు మూయమనే మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు, అక్క అననిచ్చేది కాదు. ఇప్పుడు బావే అంటున్నారంటే, అననివ్వని మనిషి ఇక లేదని నాకు అర్థమైంది. సగం కట్టిన దండను తడిగుడ్డలో చుట్టి గంపలో పెట్టి లేచాను.

ఆయన నాతో నేరుగా మాట్లాడింది అదే మొదటిసారి. ఆ సంగతి ఇల్లు చేరాక గాని నాకు తట్టలేదు.

అక్క నాకు తోడబుట్టింది కాదు. మా ఆయన అన్న భార్య. తోడికోడళ్లంటే ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారని అందరూ అనుకుంటారు. నా మీద చెప్పడానికి ఆమెకేమీ దొరకలేదు, నేను మాట్లాడితే కదా. ఆమె మీద చెప్పడానికి నాకు నోరు లేదు. అట్లా మా ఇంట్లో కాపురాలు రెండూ చల్లగా సాగిపోయాయి.

నేను పుట్టింది అత్తిమంజేరిపేట దగ్గర ఒక పల్లె. బడిలో ఎనిమిది వరకు తెలుగు చదువుకున్నాను. పెళ్లయి తిరుత్తణికి వచ్చిన కొత్తలో మనుషుల ముందు నాకు గొంతు లేచేది కాదు. అదీగాక మా వైపు తమ్ముడి భార్య బావకు ఎదురుపడి మాట్లాడదు. ఆయన వస్తుంటే గోడ పక్కకు జరిగి దారి ఇస్తుంది. చెప్పాల్సింది ఉంటే అక్కకు చెప్పాలి, అక్క ఆయనకు చెప్తుంది. ఆయన పక్కనే కూచొని వింటున్నా సరే.

“కాఫీలో చక్కెర చాలిందా అని అడుగుతాండాది నీ మరదలు” అనేది అక్క.

“చాలిందని చెప్పు” అనేవారు బావ.

“చాలిందంట” అని నా వైపు తిరిగేది. “ఏం పిల్లా, మీ ఇద్దరి మధ్య నేనేమన్నా టెలిఫోనా? నెలకింత అని నేనూ బిల్లేస్తా ఉండు.”

కొట్టు పేరుకు బావది. తెల్లవారకముందే మోపెడ్ మీద మండీకి పోయి పూలు తెచ్చేది ఆయన. దండలు కల్యాణ మండపాలకు చేరవేసేది మా ఆయన. కట్టేది, అమ్మేది అక్క. అక్కకూ బావకూ ఒక్కతే కూతురు, చదువుకుంటోంది. నేను వచ్చిన వారానికే అక్క నన్ను కొట్టుకు తీసుకుపోయి తన పక్కన చిన్న పీట వేసింది. “మాట్లాడకుంటే పరవాల్లే. నీ చెయ్యి ఆడితే చాలు” అంది.

అరటి నారను నీళ్లలో నానబెట్టి, సన్నగా చీల్చి, దానితో మల్లెలు కట్టడం ఆమే నేర్పింది. నార గట్టిగా లాగితే కాడ తెగుతుంది. వదులుగా వదిలితే పువ్వు జారిపోతుంది. ఎంత లాగాలి అక్కా అని అడిగితే “నన్నెందుకు అడుగుతావు, పువ్వునడుగు” అనేది. ఆమె జడ నడుము దాటి ఉండేది. దాని నిండా ఎప్పుడూ పూలే. మిగిలినవి, వాడినవి కాదు, ఆ పొద్దు వచ్చిన వాటిలో మంచివి తీసి పెట్టుకునేది. “పూలమ్మే దాని తల బోసిగా ఉంటే ఆ పూలెవురు కొంటారు?” అనేది.

పూలు మూర లెక్కన కదా అమ్ముతాం. మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఒక మూర. అక్క చేతులు పొడుగు. పక్క కొట్లవాళ్ల మూర కంటే ఆమె మూర ఎప్పుడూ కొంచెం ఎక్కువే, దాని మీద మళ్లీ కొసరు. మెట్ల దగ్గర దానికి ‘అక్క మూర’ అని పేరే పడిపోయింది. పక్క కొట్టు అవ్వకు ఆ పేరు వింటే ఒళ్లు మండేది.

“ఏమే, ఆ చెయ్యి కొంచెం నరుక్కోమే. మేమూ యాపారం చేసుకోవాల కదా” అనేది అవ్వ.

“నరికి నీకే ఇస్తాలే అవ్వా, దాంతోనే కొలుచుకుందువు” అనేది అక్క.

నాకు మాత్రం, “కొలిచేటప్పుడు నీ చెయ్యి చూసుకోవద్దు పిల్లా, కొనే మనిషి ముఖం చూడు. కొండకు వచ్చేవాళ్లు ఏదో ఒకటి మోసుకొని వస్తారు” అని చెప్పేది.

ఒకరోజు స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ తగిలిందట. ఎవరికీ చెప్పలేదు. ఆడికృత్తిక అయిపోనీ, తర్వాత చూపించుకుందాం అనుకుంది. ఆ పండుగ అమ్మకమే మాకు ఏడాది పొడుగునా ఆధారం. ఆడికృత్తిక అయ్యాక వినాయక చవితి వచ్చింది. అది పోయాక దసరా వచ్చింది. పూలమ్మేవాళ్లకు పండుగలకు అంతేముంది? ఆమె నాకు చూపించేటప్పటికి గడ్డ నిమ్మకాయంత అయింది.

చెన్నైలో పెద్దాస్పత్రికి పొమ్మన్నారు. పోయాం. ముక్క తీసి పరీక్ష చేసి, క్యాన్సరే అన్నారు. బావ కొట్టు వదిలి ప్రతిసారీ రాలేరు. ఎవరు తోడు పోవాలన్న మాట వచ్చినప్పుడు అక్కే తేల్చేసింది.

“ఈ పిల్లను పంపించండి. దీనికి చెప్పింది యాడికీ పోదు. దీని నోరు మన బ్యాంకు లాకరు.”

జబ్బు సంగతి బయటికి తెలియడం ఆమెకు ఇష్టం లేదు. సిగ్గు వల్ల కాదు. “ఈ జబ్బని తెలిస్తే నా చేతి పూలు సామికి ఎవురు తీసుకపోతారు? నాతో చీటీ కట్టే పూలమ్మేవాళ్లు నన్ను నమ్ముతారా?” అంది. అదీ నిజమే. చీటీ కట్టే మనిషి రేపు ఉంటుందో ఉండదో అనే అనుమానం వస్తే ఎవరు మాత్రం ధైర్యం చేస్తారు?

సర్కారు ఇన్సూరెన్స్ కార్డు ఉంది. ఆపరేషన్ దాని మీదే అయింది. మందు ఎక్కించడం, రేడియేషన్ కరెంటు పెట్టడం కూడా చాలావరకు దాని మీదే జరిగింది. ఆ కార్డును గాని, ఆ డాక్టర్లను గాని నేను తప్పు పట్టను. వాళ్లు లేకుంటే అక్క ఆ ఏడాదే పోయేది. కాని కార్డు ఆస్పత్రి గేటు లోపలి వరకే. గేటు బయట కూడా మేము బతకాలి కదా. పోను రాను రైలు, అక్క నడవలేనప్పుడు ఆటో, బయట తీయించుకొని రమ్మన్న స్కాను, గుడ్లూ పళ్లూ బాగా తినమన్న మాట. వీటికి కార్డు లేదు. మందు ఎక్కించుకొని వచ్చాక ఆమె వారం లేచేది కాదు. కొట్టులో ఒక మనిషి తక్కువ. ఆమెను చూసుకోవడానికి నేను ఇంట్లో ఉంటే ఇద్దరు తక్కువ. కట్టేవాళ్లు లేక పూలు గంపల్లోనే వాడిపోయేవి. వాడిపోయిన పూలకు ఏ కార్డూ రాదు.

మొదట అక్క చెవి కమ్మలు పోయాయి. ఆ తర్వాత మోపెడ్ పోయింది. మోపెడ్ లేక బావ మొదటి బస్సు పట్టుకొని మండీకి పోయేవారు. ఆయన చేరేటప్పటికి మంచి పూలు అయిపోయేవి. మిగిలినవి తెస్తే మండపాలవాళ్లు తీసుకోరు. వాళ్లు వేరేచోట మాట్లాడుకున్నారు, మా ఆయనకు పని తగ్గింది. ఒకటి పోతే దాని వెనకే ఇంకొకటి పోవడం అప్పుడు చూశాను. జబ్బు అక్క ఒంట్లో ఒకవైపు, మా ఇంట్లో ఒకవైపు పాకింది.

మందు మొదలుపెట్టక ముందే, జుట్టు ఊడుతుందని నర్సు చెప్పి పంపింది. ఆ రోజు రైల్లో అక్క కొంగు కింద జడను చేత్తో పట్టుకొని కూచుంది. తిరువళ్లూరు స్టేషన్ దాటాక ఉన్నట్టుండి నవ్వింది.

“పిల్లా, మనది యా ఊరు?”

“తిరుత్తణి” అన్నాను భయంగా. తలకేమైనా అయిందేమో అనుకున్నాను.

“తిరుత్తణిలో గుండు చూసి ఎవురన్నా ఏమైందని అడుగుతారా?”

మా ఊళ్లో గుండ్లకు కొదవ లేదు. తల నీలాలు ఇచ్చి, గంధం పూసుకొని ఆడా మగా పిల్లలూ పొద్దుగూకులూ మెట్లు దిగుతూనే ఉంటారు. మరుసటి పొద్దే అక్క కొండెక్కి తల ఇచ్చేసింది. గంధం పూసుకొని తిన్నగా కొట్టుకు వచ్చి కూచుంది. “ఊడకముందే ఇచ్చేస్తే మొక్కు. ఊడినాక అయితే జబ్బు. అంతే పిల్లా తేడా” అంది నా చెవిలో.

చిత్తూరు వైపు నుంచి వచ్చినామె ఒకరు పూలు తీసుకుంటూ “ఏం మొక్కు తీర్చుకున్నావమ్మా?” అని అడిగారు.

“ఇంట్లో అందరూ సల్లగా ఉండాలని” అంది అక్క.

అబద్ధం కాదు కదా. ఆ మాట అంటూ ఎప్పటికంటే ఎక్కువ కొసరు వేసింది.

తర్వాతి సారి ఆస్పత్రికి పోయినప్పుడు, మందు ఎక్కించే హాలు తలుపు తీయగానే గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల అటొక వరస ఇటొక వరస మంచాలు, అన్నింటి మీదా గుండ్లే. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, పడిపోతుందేమోనని. ఆమె నా వైపు వంగి, “మన ఊరే పిల్లా ఇది. కొండ యాడుందో అడుగు” అంది. దగ్గర మంచంలో ఉన్నామెకు తెలుగు వచ్చినట్టుంది. సెలైన్ గొట్టం కదిలిపోయేలా నవ్వింది.

తేదీలు ఇచ్చే నర్సుతో కూడా అంతే. ఆమె తమిళామె. అక్క తమిళంలోనే బేరం మొదలుపెట్టింది, పూలు అమ్మినట్టు.

“ఆ దినం కృత్తిక సిస్టర్. మర్నాడు వస్తే కాదా?”

“కృత్తికకు రాకపోతే మీ సామి ఏమీ అనుకోడులేమ్మా.”

“సామి అనుకోడు సిస్టర్. మండీవాడు అనుకుంటాడు.”

నర్సు తేదీ మార్చలేదు. ఆ కృత్తిక రోజు మేము చెన్నైలో ఉన్నాం. మందు చుక్క చుక్కగా దిగుతుంటే అక్క కళ్లు మూసుకొని, “ఈపాటికి అరక్కోణం రైలు వచ్చింటుంది. ఇప్పుడే జనం” అంటూ ఉంది. ఆమె వేళ్లు దుప్పటి అంచును ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాయి.

మొక్కు గుండు కొన్ని వారాలకు నల్లబడుతుంది. అక్కది నల్లబడలేదు. ఆమె గంధం పూస్తూనే ఉంది. ఎవరైనా వేళాకోళంగా “మళ్లీ ఇచ్చినావా అక్కా?” అంటే, “సామికి శానా బాకీ ఉండానులే” అనేసేది.

మెట్ల దగ్గర పూలమ్మే ఆడవాళ్లంతా కలిసి చీటీ వేసుకునేవాళ్లం. నెలనెలా పాట ఉంటుంది. ఎవరు ఎక్కువ తగ్గించుకొని పాడితే డబ్బు వాళ్లకు. ఆ నెల అక్కకు స్కాను తీయించాలి, డబ్బు కావాలి, కాని మంచం మీద నుంచి లేవలేకపోయింది. నన్ను పంపింది. “ఎంత తగ్గినా సరే పాడు పిల్లా. నోరు తెరువు” అని చెప్పి పంపింది. పోయి కూచున్నాను. పాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియక కొంగు చివర వేలికి చుట్టుకున్నాను. అప్పుడు పక్క కొట్టు అవ్వ గొంతు లేచింది.

“ఈ నెల పాట లేదు. చీటీ ఈ పిల్ల అక్కకు.”

“పాట లేకుండా ఎట్ల అవ్వా?” అంది ఒకామె.

“నీకు కండ్లున్నాయామే? మొక్కు గుండుకు ఒక పొద్దు గంధం పూస్తారు, రెండో పొద్దుకు కడుక్కుంటారు. అది ఆడికృత్తికకు కావడి మోసినట్టు దినామూ పూస్తాండాదే, ఎందుకని?”

ఒకామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వాళ్లకు ముందే తెలుసు. గుండ్లు చూసి చూసి బతికే ఊళ్లో గుండుతో ఎవరిని మోసం చేస్తాం? తెలిసీ, ఇన్ని నెలలూ మొక్కు అన్నట్టే మాట్లాడారు, వేళాకోళం చేశారు, తమ పూజలకు ఆమె చేతి పూలే తీసుకొని కొండ మీదికి పంపారు.

అవ్వ నన్ను పక్కకు పిలిచి, “మాకు తెలుసునని దానికి చెప్పొద్దు. నువ్వే పాట పాడినావని చెప్పు” అంది.

ఇంటికి వచ్చి అట్లే చెప్పాను. అక్క మంచం మీద లేచి కూచుంది.

“నువ్వా? నువ్వు పాట పాడినావా? ఏం పాట పాడినావే, సినిమా పాటా?” అని నవ్వింది. నవ్వి నవ్వి, నా ముఖం చూసి ఆగింది. నాకు అబద్ధం చెప్పడం రాదు. ఆమె కిటికీ వైపు తిరిగి, “రేపు అవ్వకు ఒక మూర మల్లెలు ఇయ్యి. నా మూర” అంది. ఆ మాట మళ్లీ ఎప్పుడూ మేము ఎత్తలేదు.

ఆ తర్వాత ఒక మంచి కాలం వచ్చింది. మందు అయిపోయింది. జుట్టు మొలిచింది, ముందు లేని ఉంగరాలతో, అక్కడక్కడా తెల్లగా. జడకు అందకపోయినా పిన్నులు గుచ్చి ఒక పక్కన కనకాంబరాలు పెట్టుకునేది. కూతురు నర్సు చదువుకు చేరింది. బావ పాత మోపెడ్ ఒకటి కొన్నారు. ఆ ఏడాది ఆడికృత్తికకు అక్క పూలమ్మే అరుపులకు అవ్వ చెవులు మూసుకుంది.

మళ్లీ వచ్చింది. ఈసారి వెన్నులో.

డాక్టర్ కుర్చీ దగ్గరికి జరుపుకొని నిదానంగా చెప్పారు. కొత్త మందు ఒకటి ఉంది, అది కార్డులో రాదు. వాడితే కొన్ని నెలలు కలిసిరావచ్చు, రాకపోవచ్చు. పూర్తిగా నయం చేసేది కాదు. ధర చెప్పారు. మా కొట్టు పండుగ నెలలో కూడా అంత సంపాదించదు. మంచి మనిషి ఆయన, ధర చెప్పేటప్పుడు మా వైపు చూడలేకపోయారు.

ఇంటికి వచ్చాక బావ “డబ్బుకు ఏర్పాటు చేస్తా” అన్నారు. ఏమి ఏర్పాటో చెప్పలేదు. కాని లాడ్జి నడిపే ఒకాయన వచ్చి మా కొట్టు ముందు అడుగులు వేసి కొలుచుకొని పోయాడని అవ్వ చూసింది. అవ్వ చూస్తే అక్కకు తెలిసినట్టే.

అక్క నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

“మీ బావకు చెప్పు పిల్లా, కడ ఇయ్యొద్దని.”

“నేనా?”

“నేను చెప్తే ఏడుస్తాడు. ఆయన తమ్ముడు చెప్తే కొట్లాటవుతుంది. నువ్వు ఇన్నేండ్లకు నోరు తెరిచినావంటే అది చిన్న మాట కాదని ఆయనకు అర్థమైతాది. కడ ఉంటే బిడ్డ చదువు నిలబడతాది. మీరు రెండు కాపురాలూ తింటారు. చెప్పు.”

కొట్టు ఇవ్వొద్దంటే మందు వద్దని. మందు వద్దంటే అక్క వద్దని. ఆ మాట నా నోటితో చెప్పమంటోంది. చెప్పకపోతే కొట్టు పోతుంది, దానితో ఆమె మాటా పోతుంది. ఆ పగలంతా ఏ పని చేసినా చెయ్యి ఆగిపోయేది.

సాయంత్రం బావ పెరట్లో కొళాయి కింద పూలగంపలు కడుగుతున్నారు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. గోడ పక్కకు జరగలేదు. నాకు దారి కావాలేమో అనుకొని ఆయనే జరిగారు. అయినా నేను కదల్లేదు.

“బావా” అన్నాను.

ఆయన చేతిలో గంప జారి కిందపడింది. పగలంతా కూర్చుకున్న మాట రాలేదు. వేరే మాట వచ్చింది.

“అక్కను అడగండి బావా. ఆమెకు ఏం కావాలో ఆమెనే అడగండి.”

ఆయన పడిన గంపను తీసి బోర్లించారు. నీళ్లు పోతూనే ఉన్నాయి. తర్వాత చేతులు తుడుచుకొని లోపలికి పోయారు. నేను కొళాయి కట్టేశాను. నీళ్ల చప్పుడు ఆగేసరికి లోపలి మాటలు వినిపించాయి.

“కడ ఇచ్చేస్తాండావంట” అంది అక్క.

“ఇయ్యకుంటే?”

“ఇయ్యకుంటే ఉంటుంది.”

“నువ్వుండొద్దా?”

“నాకు ఉండాలనే ఉండాది. ముసిల్దాన్నయ్యి అవ్వ మాదిరి అందరినీ తిట్టుకుంటా ఉండాలని ఉండాది. ఆ మందు నన్ను ఉంచుతాదని డాక్టర్ చెప్పినాడా?”

బావ గొంతు వినపడలేదు.

“చెప్పినాడా?”

“చెప్పలే.”

“ఉంచుతాదని చెప్పుంటే నేనే కడ అమ్మేసి రమ్మందును. ఇల్లూ అమ్మమందును. సిగ్గు లేకుండా అందును.”

“మరి నన్నేం చెయ్యమంటావు? ఊరికే కూచోమంటావా?”

“కూచో. ఈడ నా పక్కన కూచో. పెండ్లయినప్పటి నుంచి మండీ మండీ అని తిరిగినావు, ఒక్క పొద్దన్నా కూచున్నావా?”

మంచం కిర్రుమన్న శబ్దం వచ్చింది.

చావుకు వచ్చినవాళ్లలో ఒకరు అక్కను త్యాగమూర్తి అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. ఆమెకు బతకాలనే ఉండింది, ఆ సంగతి ఆమె నోటితోనే విన్నాను. మందు చేతికందే ధరలో ఉంటే, కొన్ని నెలలైనా చూద్దామని ఆమె తప్పకుండా అనేది. వేరే ఇంట్లో వేరే మనిషి కొట్టు అమ్మి మందు వాడితే అది తప్పు కాదు, వాళ్లకు ఆ హక్కుంది. నాకు బాధ ఒక్కటే. నొప్పితో ఉన్న మనిషిని నొప్పి ఎట్లా ఉందని అడగాలి. నీ ప్రాణమా, నీ బిడ్డ చదువా అని అడిగే దినం ఎవరి ఇంటికీ రాకూడదు.

నొప్పికి మాత్రలు తిరువళ్లూరులో సర్కారు ఆస్పత్రిలో డబ్బు లేకుండా ఇచ్చారు. అవి ఉంటాయని చాలామందికి తెలియదు, మాకూ తెలియదు. అక్క నడవగలిగినంత కాలం బావే ఆమెను బస్సులో తీసుకుపోయేవారు. “మీ బావ నన్ను ఊళ్లు తిప్పుతాండాడు పిల్లా” అని చెప్పుకునేది. ఒకసారి తిరిగి వస్తూ ఇద్దరూ హోటల్లో పూరీ తిని వచ్చారు. ఆ పూరీ సంగతి అవ్వకు ఎన్నిసార్లు చెప్పిందో.

నేను ఒక్కదాన్నే కొట్టు చూసుకోవడం మొదలుపెట్టాక ఒకరోజు ఏడుపు ముఖంతో ఇంటికి వచ్చాను. నా చెయ్యి పొట్టి. నా మూర చూసి ఒకాయన “ఇది మీ అక్క మూర కాదే” అని తీసుకోకుండా పోయాడు. అక్క పక్కకు ఒత్తిగిలి తన చెయ్యి చాపింది. ఎముక మీద చర్మం తప్ప ఏమీ మిగల్లేదు, కాని పొడుగు మాత్రం తగ్గలేదు. నా మోచెయ్యి తన మోచేతికి ఆనించి పెట్టమంది. నా వేలి కొస ఆమె నడివేలిలో సగం దాకా వచ్చి ఆగింది.

“ఇంత తక్కువ నీది. ఇంత కలిపి ఇయ్యి.”

“ఎట్ల గుర్తు పెట్టుకునేది అక్కా?”

“నా చెయ్యి పక్కన ఉన్నట్టు అనుకో” అంది.

కార్యాలన్నీ అయిపోయాక ఒక మంగళవారం కొట్టు తెరిచాను. బావ మండీ నుంచి పూలు తెచ్చి దించారు. కాఫీలో చక్కెర చాలిందా అని ఇప్పుడు నేనే అడుగుతున్నాను. చాలింది అని ఆయనే చెప్తున్నారు. మధ్యలో ఒక నిమిషం ఇద్దరం ఊరికే ఉంటాం.

ఎండ ఎక్కేసరికి మెట్ల మీద నుంచి గుండ్లు దిగడం మొదలయింది. గంధం పూసిన తలలు, ఒకదాని వెనక ఒకటి. వాటిలో సన్నగా పొడుగ్గా ఉన్న ఒకామె కూతురి చెయ్యి పట్టుకొని మా కొట్టు ముందు ఆగింది. కూతురికి పెద్ద జడ. ఆమెకు ఏం మొక్కో, ఏం బాధో, నేను అడగలేదు.

“బిడ్డకు మల్లెలు ఒక మూర ఇయ్యమ్మా” అంది.

“అక్క మూర కొలిచి ఇయ్యి పిల్లా” అని పక్క కొట్టు నుంచి అవ్వ అరిచింది.

“అదే ఇస్తాండాను అవ్వా” అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

దండ కొసను మోచేతికి ఆనించాను. చెయ్యి వెంట సాగదీశాను. మణికట్టు దాటింది, అరచెయ్యి దాటింది, నా నడివేలి కొస దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగకుండా ఇంకొంచెం ముందుకు, ఏమీ లేని చోటికి, మెల్లగా పోనిచ్చాను. ఆ చోటు నిండా తెల్లగా మల్లెలు. అక్క వేళ్లు ఎక్కడ అయిపోతాయో అక్కడ నార తెంపి, దండ ఆ తల్లి చేతిలో పెట్టాను.